ముక్కు మేస్త్రీ చూసి వెళ్ళిన ఇల్లు

కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళు ఎవరైనా ముందు స్క్రూడ్రైవర్ తీస్తారు. ఆయన మాత్రం ముందు ముక్కు పెట్టేవాడు. డబ్బా వెనక ఫ్యాను గాలి వచ్చే చోట మొహం ఆనించి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గట్టిగా పీల్చి, "పవర్ సప్లై పోయింది" అనో, "లోపల బల్లి చచ్చింది" అనో తేల్చేసేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. పోనుపోను ఆయన అసలు పేరు కోసం కట్టుకున్న పెళ్ళాం కూడా తడుముకోవలసిన స్థితి వచ్చింది. వీధి వీధంతా ఆయన్ని ముక్కు మేస్త్రీ అనే పిలిచేది.

ఈ విద్య ఆయనకి రేడియోలు బాగుచేసే గురువు దగ్గర అబ్బింది. ఆ గురువు సగం చూపు పోయిన మనిషి. "వేలు పెట్టే ముందు ముక్కు పెట్టరా వెధవా" అని నెత్తిన మొట్టి మరీ నేర్పాడు. వైరు తొడుగు కరిగితే కొంచెం తీపి కలిసిన ఘాటు వస్తుంది. కెపాసిటర్ ఉబ్బి కారితే చేపల కంపు కొడుతుంది. దుమ్ము వేడెక్కితే పాత గోనెసంచి ఎండలో ఆరేసినట్టుంటుంది, దానికి కంగారు పడక్కర్లేదు. రేడియోలు పోయాయి, గురువూ పోయాడు, కంప్యూటర్లు వచ్చాయి. కాలేది మాత్రం ఎప్పుడూ అదే రాగి, అదే ప్లాస్టిక్కు. అందుకని ఆయన విద్యకి తిరుగు లేకపోయింది.

మనిషి మంచివాడే. పని ఎగ్గొట్టడు, అబద్ధం చెప్పడు, ఒక స్క్రూ తక్కువ బిగించి వదిలేయడు. ఒక్కటే జబ్బు, కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆయన ఒకటి తేల్చాక ఎవరైనా "కాదేమోనండీ" అన్నారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. సామాను సర్దుకుని, "అయితే మీరే బాగుచేసుకోండి" అని మెట్లు దిగిపోయేవాడు. ఒకటి రెండుసార్లు అలా జరిగాక జనం నోరు మూసుకోవడం నేర్చుకున్నారు. నోరొక్కటే కాదు, ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ తమ ముక్కుల్ని కూడా మూసేసుకున్నారనాలి. ఏదో వాసన వస్తోందని ఎవరికైనా అనిపించినా, మేస్త్రీ ఏం లేదన్నాడంటే ఏం లేనట్టే. అంత నమ్మకం మనుషులకి ఎవరి మీదా ఉండకూడదని నాకనిపిస్తుంది. కానీ నన్నడిగిందెవరు?

వానలు మొదలైన రోజుల్లో ఆయనకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులు మంచాన పడి లేచాడు. లేచిన రోజు స్నానం చేస్తుంటే సబ్బుకి వాసన లేదు. కొట్టువాడు నకిలీ సబ్బు అంటగట్టాడని స్నానాలగదిలోంచే తిట్టాడు. ఆ మర్నాడు బండిలో పెట్రోలు పోయిస్తుంటే పెట్రోలుకీ వాసన లేదు. వీళ్ళు కూడా కల్తీ మొదలెట్టారన్నమాట అనుకున్నాడు. షాపు తెరిచి, సోల్డరింగ్ కడ్డీ వేడిచేసి పేస్టులో ముంచాడు. తెల్లటి పొగ సన్నగా లేచి ఆయన మొహం మీదుగానే పైకి పోయింది. అది చిన్నప్పటి నుంచి ఆయన ఒంటికి పట్టిన వాసన. ఇప్పుడు పొగ కనిపిస్తోంది గానీ వాసన లేదు. కడ్డీ పక్కన పెట్టి, స్టూలు మీద కూలబడ్డాడు. భయం వేసింది. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనప్పుడు గుండె ఎలా జారుతుందో, అలా జారింది.

తగ్గిపోతుందిలే అనుకున్నాడు. తగ్గలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. వెళితే ఆ డాక్టరు తన కంపౌండరుకి చెబుతాడు, వాడు టీ కొట్టులో చెబుతాడు, ముక్కు మేస్త్రీకి ముక్కు పోయిందని సాయంత్రానికల్లా ఊరు ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వుతుంది. నవ్వితే నవ్వారు, ఇక పనికి పిలిచేదెవరు? చివరికి భార్యకి కూడా చెప్పలేదు. కూరల్లో ఉప్పూ కారం ఎక్కువ వేయమనేవాడు. "మీ నోరు పాడైంది" అని ఆమె విసుక్కునేది. నోరు కాదని ఆమెకి తెలియదు.

పని మాత్రం ఆపలేదు. ఎప్పటిలాగే డబ్బా వెనక మొహం ఆనించేవాడు, కళ్ళు మూసుకునేవాడు, గట్టిగా పీల్చేవాడు. లోపలికి ఒట్టి గాలి వెళ్ళేది. అప్పుడు తల పంకించి, మాటల్లో పెట్టి నాలుగు ప్రశ్నలు అడిగి, చెయ్యి పెట్టి వేడి చూసి, ఊహించి ఏదో ఒకటి చెప్పేవాడు. ఇన్నేళ్ళ అనుభవం కదా, చాలాసార్లు సరిపోయేది. సరిపోవడమే కొంప ముంచింది. రెండు చోట్ల తప్పి ఉంటే ఏనాడో మానేసేవాడు. పసిపిల్లల్ని చూసుకునే బేబీ కేర్ సెంటర్‌లో కంప్యూటర్ దానంతటదే ఆరిపోతోందంటే వెళ్ళి, ముక్కు పెట్టి, "ఏం లేదు, వైరు వదులైంది" అని బిగించి వచ్చాడు. పళ్ళ డాక్టరు దగ్గరా అంతే. లైబ్రరీలోనూ అంతే. అందరూ దణ్ణం పెట్టి పంపించారు.

అలాంటి రోజుల్లోనే చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, కంప్యూటర్ లేవడం లేదు. బటన్ నొక్కితే ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగిపోతోంది. ఒక్కోసారి బొమ్మ వచ్చేదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొస్తోంది. ఇవాళ డిజైన్లు ఇవ్వకపోతే షాపువాళ్ళు నన్ను నమిలి మింగేస్తారు. కాస్త వచ్చి చూడవా?"

చెల్లెలు మిషన్ ఎంబ్రాయిడరీకి కంప్యూటర్ మీద డిజైన్లు గీసి బట్టల షాపులకి ఇస్తుంది. భర్త లారీతో నెలలో సగం రోజులు దూరాన ఉంటాడు. ఇంట్లో ఆమె, మంచం దిగలేని అత్తగారు. మేడ మీద ఉన్నదే ఒక పెద్ద గది, ఒక వంటగది. పెద్ద గదిలో ఒక గోడ పక్కన అత్తగారి మంచం, ఇంకో గోడ పక్కన కంప్యూటర్ బల్ల, మధ్యంతా గుడ్డ మూటలు. నడవాలంటే మూటల మధ్య పక్కకి తిరిగి నడవాలి. కంప్యూటర్ డబ్బా బల్ల కింద, మూటల్లో కూరుకుపోయి ఉంటుంది.

మేస్త్రీ వెళ్ళేసరికి చెల్లెలు తలుపు దగ్గరే నిలబడి ఉంది. "నిన్నటి నుంచి ఏదో వాసన కూడా వస్తోంది అన్నయ్యా. నువ్వు చూస్తే గానీ తెలీదు" అంది.

ఆయన మూటలు జరిపి, నేల మీద కూర్చుని, డబ్బా వెనక మొహం పెట్టి పీల్చాడు. ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాడు. ఏమీ లేదు. వెనక చెల్లెలు ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఏదో ఒకటి చెప్పాలి.

"దుమ్ము. గుడ్డల నూగంతా లోపలికి పోయి వేడెక్కుతోంది. ఇన్ని మూటల మధ్య పెడితే ఏమవుతుంది మరి?" అన్నాడు.

మంచం మీంచి అత్తగారు గొంతు సవరించుకుంది. "దుమ్ము కాదు నాయనా. ప్లాస్టిక్కు కాలినట్టుంది. నేను మంచాన పడ్డాను గానీ నా ముక్కు పడలేదు. తియ్యగా, ఘాటుగా ఉంది."

తియ్యగా, ఘాటుగా. ఆ రెండు మాటలూ ఆయన గుండెల్లో గుచ్చుకున్నాయి. గురువు నెత్తిన మొట్టి మరీ నేర్పిన మాటలవి. అప్పుడే ఆగి ఉండవలసింది. "అత్తయ్యా, ఇంకోసారి చెప్పండి, ఎలా ఉంది?" అని అడిగి ఉంటే సరిపోయేది. కానీ అడిగితే చెల్లెలికి అనుమానం వస్తుంది. అనుమానం వస్తుందన్న భయమే ఆయన నోట కోపంగా బయటికి వచ్చింది.

"అయితే మీరే వచ్చి బాగుచెయ్యండి అత్తయ్యా. నాకెందుకీ తిప్పలు? ఇన్నేళ్ళూ ఈ ముక్కుతోనే కదా బతికాను. దుమ్మంటే దుమ్మే."

ముసలావిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. చెల్లెలు నొచ్చుకుంది. గదిలో గాలి ఒకసారి పీల్చి చూసి, మొహం చిట్లించి, మళ్ళీ సర్దుకుంది. "అవునత్తయ్యా, దుమ్మే అయ్యుంటుంది. అన్నయ్యకి తెలీదా?" అంది. ఆమె ముక్కు ఆమెకి నిజమే చెప్పింది. ఆమె మాత్రం అన్న ముక్కునే నమ్మింది.

ఆయన డబ్బా విప్పి పని మొదలెట్టాడు. దుమ్ము ఊదాడు. ర్యామ్ ముక్కల్ని పీకి, కాళ్ళు రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాడు. వైర్లన్నీ లాగి లాగి బిగించాడు. అందులో డిస్కుకి కరెంటు ఇచ్చే జాయింటు వైరు ఒకటుంది, ఎప్పుడో ఎవరో తగిలించింది. దాన్నీ కదిపి నొక్కాడు. నల్లటి ప్లాస్టిక్కు లోపల కమిలితే కంటికేం తెలుస్తుంది? ముక్కుకి తెలియాలి. బటన్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది, ఈసారి ఆగలేదు. బొమ్మ వచ్చింది, చెల్లెలి డిజైన్లన్నీ తెర మీద పువ్వుల్లా వరసగా వచ్చాయి. చెల్లెలు చప్పట్లు కొట్టింది. ఆయన మాత్రం దేనివల్ల లేచిందో తనకి తెలియదని గ్రహించాడు. అంతకుముందు ఏ మిషన్ దగ్గరా ఆయనకి అలా జరగలేదు.

"డిస్కు ముసలిదైంది. ఇందులోవన్నీ కొత్త దాంట్లోకి ఎక్కిస్తున్నా. సాయంత్రం దాకా పడుతుంది. మధ్యలో ఆపావంటే అన్నీ గల్లంతే, చెప్తున్నా" అని తన దగ్గరున్న కొత్త డిస్కు తగిలించి లేచాడు. మెట్లు దిగుతుంటే పైనుంచి ముసలావిడ దగ్గు వినిపించింది.

ఇంటికి వచ్చి ముందు గదిలో కూర్చున్నాడు. ఎవరిదో మౌస్ విప్పి, బల్ల మీద పరిచి, చూస్తూ కూర్చున్నాడు గానీ చెయ్యి ఆడలేదు. ముసలావిడ మాట చెవిలోంచి పోవడం లేదు. అంతలో వీధి తలుపు ధడాలున తెరుచుకుంది. పక్కింటికి వెళ్ళిన భార్య పరుగున వచ్చి, ఆయన్ని దాటుకుని వంటింట్లోకి దూరింది. గిన్నె నేలకేసి కొట్టిన చప్పుడైంది.

"ఏవండీ! పాలు ఇగిరిపోయి గిన్నె బొగ్గైపోయింది! వీధి చివరికి కొడుతోంది మాడు కంపు. ఇంత దగ్గర కూర్చుని మీకు తెలీలేదా?"

ఆయన తల తిప్పి చూశాడు. వంటింటి గుమ్మంలోంచి నల్లటి పొగ తాపీగా ముందు గదిలోకి వస్తోంది. ఆయన తల మీంచి పోతోంది. ఎంతసేపటి నుంచి పోతోందో!

"జలుబు..." అని మొదలుపెట్టి, ఆగిపోయాడు. భార్య మొహంలో కోపం మెల్లగా పోయి, ఇంకేదో వచ్చింది. పెంచమన్న ఉప్పు, పెంచమన్న కారం అన్నీ ఆమెకి ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి.

"నాకు వాసన తెలియదే. జ్వరం తగ్గినప్పటి నుంచీ లేదు" అన్నాడు. ఆ మాట పైకి అనగానే ముసలావిడ చెప్పింది నిజమని ఒంట్లో ప్రతి ఎముకకీ తెలిసింది. గబగబా ఫోన్ తీసి చెల్లెలికి చేశాడు.

"ఇంట్లో ఉన్నావా? కంప్యూటర్ ఆపెయ్యి. గోడ దగ్గర స్విచ్చే ఆపెయ్యి!"

"ఇంట్లో ఎక్కడున్నాను? షాపులో ఉన్నాను అన్నయ్యా. అత్తయ్యకి మందులు తీసుకుని వెళతాను. నువ్వే కదా ఆపొద్దన్నావు? అదలా నడుస్తూనే ఉంది. ఎప్పట్లాగే బయట తాళం వేసి వచ్చాను. ఏం, ఏమైంది? అన్నయ్యా?"

ఆయన బండి తాళాలు తీసుకుని పరిగెత్తాడు. భార్య వెనక ఎక్కి కూర్చుంది.

చెల్లెలి వీధి మలుపు తిరగగానే ఆయన మనుషుల మొహాలు చూశాడు. కూరల బండి దగ్గర ఆడమనిషి ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది. ఇస్త్రీ అతను తన పెట్టెని ఎత్తి అనుమానంగా అడుగు చూసుకుంటున్నాడు. ఎదురుగా తలుపులు, గ్రిల్సు చేసే వెల్డింగ్ షాపు ముందు పనివాళ్ళు మొహాలు చిట్లించి మేడ వైపు చూస్తున్నారు. ముందుకి పోయే కొద్దీ మొహాలు మరీ చిట్లిపోతున్నాయి. ఆయన చుట్టూ మాత్రం గాలి స్వచ్ఛంగా, చల్లగా, ఏ వాసనా లేకుండా ఉంది. జీవితంలో అంత భయంకరమైన గాలి ఆయన పీల్చలేదు.

మెట్ల కింద పక్కింటి ఆవిడ, ఇంకో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. పైన కిటికీ సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది.

"పొగ వస్తుంటే నిలబడి చూస్తారేంటి? తాళం పగలగొట్టొచ్చు కదా!" అని అరిచాడు.

"ఇందాకటిదాకా ఒట్టి వాసనేనండీ, పొగ ఇప్పుడిప్పుడే" అంది పక్కింటి ఆవిడ బెదురుగా. "మీ చెల్లెలు వెళ్ళేటప్పుడు అడిగాను, ఏదో కాలుతున్నట్టుంది ఏంటమ్మా అని. ముక్కు మేస్త్రీ వచ్చి చూసి వెళ్ళాడు, ఏం లేదు దుమ్మే అన్నాడు అంది. ఇంక మీరే అన్నాక..."

ఆయన ఆ మాట పూర్తిగా వినలేదు. వెల్డింగ్ షాపులోంచి సుత్తి అందుకుని, మెట్లు ఎక్కి, తాళం మీద కొట్టాడు. రెండు దెబ్బలకి ఊడింది. తలుపు తీయగానే పొగ నల్లగా మీద పడింది. కళ్ళు మండాయి, గొంతు మూసుకుపోయింది, ముక్కు మాత్రం ఊరికే ఉంది. బల్ల కింద ఒక మూట ఎర్రగా కమురుతోంది, దాని పక్క మూట అంచులకి మంట పట్టింది. గుమ్మం పక్కనున్న మీటరు దగ్గర మెయిన్ స్విచ్ దించి, మూటల మీదుగా తొక్కుకుంటూ మంచం దగ్గరికి వెళ్ళాడు. ముసలావిడ మంచం పక్కనున్న చెంబులో నీళ్ళు దుప్పటి మీద ఒంపుకుని, ఆ తడి దుప్పటి మొహం నిండా కప్పుకుని, గోడకి అతుక్కుని పడుకుని ఉంది. ఆవిడ తెలివే ఆవిడని కాపాడింది. దుప్పటితో సహా ఎత్తుకుని కిందికి తెచ్చాడు. వెనకాలే వెల్డింగ్ వాళ్ళు బకెట్లతో పైకి పరిగెత్తారు.

చెల్లెలు వచ్చేసరికి మంటలు ఆరిపోయాయి. అత్తగారిని పక్కింటి గడపలో కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తున్నారు. దగ్గుతోంది గానీ ప్రాణానికి భయం లేదు. పని కానీ, డిజైన్లు కానీ, డిస్కులు కానీ ఏమీ మిగలలేదు.

చుట్టూ మూగిన జనం మాత్రం వేరే లోకంలో ఉన్నారు. "చూశావా, అంత దూరం నుంచి వాసన పట్టి పరిగెత్తుకొచ్చాడు" అన్నాడు ఇస్త్రీ అతను. "ముక్కంటే అదీ ముక్కు! మనం ఇక్కడే ఉండి ఏం చేశాం?" అంది కూరల ఆడమనిషి. ఎవరో ఆయన వీపు తట్టారు.

ఊరుకుంటే చాలు. ఆయన పేరు ఈ వీధిలో పదింతలవుతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. ముసలావిడ గ్లాసు పట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"నాకు వాసన తెలియదు. వానలప్పటి నుంచీ లేదు. అత్తయ్య పొద్దున్నే చెప్పింది. నేనే అరిచి నోరు మూయించాను" అన్నాడు.

జనం నవ్వారు. "భలేవారే మేస్త్రీ గారూ" అన్నారు. ఎంత నచ్చజెప్పినా అది పెద్దమనిషి తగ్గి మాట్లాడే మాట అనే అనుకున్నారు. నవ్వనిది ముసలావిడ, చెల్లెలు, భార్య. చెల్లెలు కాలిన గుడ్డ ముక్క చేతిలో పట్టుకుని దగ్గరికొచ్చింది.

"వానలప్పటి నుంచా అన్నయ్యా?" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "మరి ఇన్నాళ్ళూ వెళ్ళిన ఇళ్ళన్నీ?"

పళ్ళ డాక్టరు, లైబ్రరీ, ఇంకా ఎవరెవరో. మొహం ఆనించి, కళ్ళు మూసుకుని, గట్టిగా పీల్చి, ఏం లేదని చెప్పి వచ్చిన ఇళ్ళన్నీ కళ్ళ ముందు తిరిగాయి. తిరిగి తిరిగి ఒకదాని దగ్గర ఆగిపోయాయి. భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే బండి దగ్గరికి నడుస్తోంది.

బేబీ కేర్ సెంటర్ తలుపు ఆయా తీసింది. ఆయన్ని చూసి వేలు పెదాల మీద పెట్టుకుంది. "మెల్లగా మేస్త్రీ గారూ. పిల్లలంతా పడుకున్నారు."

"కంప్యూటర్ ఆన్‌లో ఉందా?"

"ఉందండీ, ఎప్పుడూ ఉంటుంది. పొద్దుటి నుంచీ ఏదో వాసనగా ఉందని మేమూ అనుకున్నాం. మీరు చూసి వెళ్ళారు కదా అని ఊరుకున్నాం" అంది ఆయా నవ్వుతూ.

ఆయన గాలి పీల్చాడు. ఏమీ లేదు. వెనక్కి తిరిగి భార్య మొహం చూశాడు. ఆమె ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంది.